కుంపట్లో వరహాలు

కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

పాత నాణేలు పోగేసే పిచ్చి ఉన్నవాణ్ణి.

అనంతపురం రైతు నాగలికి కృష్ణదేవరాయల వరహాల ముంత తగిలిందనుకోండి. ఒక్కోటి సుమారు 3.4 గ్రాముల బంగారం; ఒకవైపు బాలకృష్ణుడు, రెండోవైపు నాగరి లిపిలో రాయల పేరు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం విలువ 10 రూపాయలు దాటితే చాలు, కలెక్టరుకు చెప్పాలి. దాస్తే ఏడాది దాకా జైలు పడొచ్చు. చెబితే? సర్కారు నిధిని తీసుకుని లోహం విలువ, దానిమీద ఐదో వంతు ఇస్తుంది. బొమ్మకు, లిపికి, చరిత్రకు కలిపి ఆ ఐదో వంతే! వెండికైతే మరీ అన్యాయం. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి ముఖమున్న నాణెం రెండు గ్రాముల చిల్లర కింద లెక్క.

అందుకే ముంత కలెక్టరు దగ్గరికి కాదు, కంసాలి కుంపట్లోకి పోతుంది. మా తప్పూ లేకపోలేదు: ఎక్కడ దొరికిందని సేకర్తలం అడగం.

లోహానికి కాదు, నాణేనికి విలువ కట్టించండి. ఆ సొమ్ము రైతుకు ఆలస్యం లేకుండా ఇప్పించండి. ముందుగా ఆ 10 రూపాయల చట్టాన్ని మార్చండి.

ఇట్లు,
ఒక నాణేల సేకర్త