పాత మారుతీ పెంపకం

పాతిక, ముప్పై యేళ్లనాటి మారుతీ 800 కారును ఇంకా వదలక పెట్టుకొన్న కుటుంబాలు మన సంఘంలో కొన్ని వున్నవి. "ఆ డబ్బా ఇంకా ఎందుకండీ?" అని చుట్టాలు అడుగుతారు. "నాన్నగారు కొన్న బండి" అని కొందరు, "దాని దారి దానిదే లెండి" అని కొందరు జవాబు చెబుతారు. బెంగుళూరులో ఆఫీసు గుమాస్తా జీతం మీద ఒక పాత బండిని సాకుతున్నవాణ్ణి గనుక, వారికి నాలుగు మాటలు చెప్పే చనువు తీసుకొంటున్నాను.

పేరు మనదైనా దీని పుట్టుక జపానుది. సుజుకీ వారు 1979లో అక్కడ ఆల్టో అనే చిన్న కారు విడుదల చేశారు. ఆనాటి జపాను నిబంధనల ప్రకారం చిన్న కారు ఇంజను 550 సి.సి. మించరాదు. పరదేశాల కోసం దానినే 796 సి.సి.కి పెంచారు. మూడు సిలిండర్ల ఆ ఇంజనే మనకు వచ్చింది. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ గారు మొదటి బండి తాళపుచెవిని ఒక ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి చేతిలో పెట్టారు. 1986లో ఆకారం మారింది. 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. ఈ మధ్యకాలంలో మన దేశంలోనే పాతిక లక్షలకు పైగా అమ్ముడుపోయినవి.

ఆ మొదటి బండి కథ మనకు పనికివచ్చేది. యజమాని 2010లో కన్నుమూసేవరకు దానిని వదలలేదు. ఆ తరువాత అది ఎండకు ఎండి, వానకు తడిసి తుప్పు పట్టింది. చివరకు కంపెనీవారే బాగుచేయించి తమ ప్రధాన కార్యాలయంలో నిలిపారు. ఇరవై యేడేళ్లు ఒకే చేతిలో వున్న బండిని పాడుచేసినది ఆలనాపాలనా లేక నిలిచిపోవటమే. పాత బండిని నడక కన్న నిలకడే ఎక్కువగా చెరుపుతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది అంతే.

నిలిచిన బండిలో ఏమవుతుందో చూడండి. కార్బ్యురేటర్‌లోని పెట్రోలు ఆవిరై, అడుగున జిగురు మిగిలి సన్నని రంధ్రాలను మూస్తుంది. బ్యాటరీ దిగిపోతుంది. బ్రేకు డ్రమ్ములు తుప్పెక్కి పట్టుకొంటాయి. టైర్లు బీటలు వారుతాయి. ఎలుకలు వైర్లను కొరుకుతాయి. దీనికితోడు 2025 నాటికి బంకుల్లో 20 శాతం ఎథనాల్ కలిసిన పెట్రోలు దేశమంతటా వచ్చింది. ఎథనాల్‌కు తేమను పీల్చే గుణం వున్నది. పాతకాలపు రబ్బరు గొట్టాలకు అది పడదు. కనుక పెట్రోలు గొట్టాలను ఒకసారి పూర్తిగా మార్పించండి. వారానికొకసారి ఇంజను బాగా వేడెక్కేవరకు, అనగా ఓ అరగంట, బండిని నడపండి. గుమ్మంలో రెండు నిమిషాలు స్టార్టు చేసి ఆపివేస్తే బ్యాటరీకి ఖర్చే తప్ప లాభం లేదు.

రెండవది నీళ్లు. ఈ ఇంజను హెడ్డు అల్యూమినియం. వేడి మితిమీరితే అది వంగుతుంది, గాస్కెట్టు పోతుంది. రేడియేటర్‌లో బోరునీళ్లు పోస్తే లోపల పాచికట్టి దారులు మూసుకుపోతాయి. కూలెంటే పోయాలి. ఇంజను చల్లగా వున్నప్పుడు ప్రతి ఆదివారం మట్టం చూడాలి. రేడియేటర్ ఫాను కరెంటు మీద తిరిగేది గనుక, వేడెక్కినప్పుడు అది తిరుగుతున్నదో లేదో చెవిపెట్టి వినాలి.

మూడవది టైమింగ్ బెల్టు. ఇది రబ్బరు పట్టీ. పైకి కనిపించదు, తెగేముందు చెప్పదు. చాలామంది కిలోమీటర్లు మాత్రమే లెక్కపెడతారు. తక్కువగా తిరిగే బండికి యేళ్లు కూడా లెక్కపెట్టాలి. పట్టీ ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే, మార్చలేదనే అనుకొని మార్పించడం మంచిది.

నాలుగవది తుప్పు. అది కనపడేచోట మొదలుపెట్టదు. కాళ్లకింద పట్టాలు ఎత్తి చూడండి. తలుపుల అడుగున నీరు పోయే చిన్న రంధ్రాలలో మట్టి చేరితే, వాననీరు లోపలే నిలిచి రేకును తింటుంది. ఒక పుల్లతో వాటిని శుభ్రం చేయటానికి ఖర్చేమీ లేదు. పైన పాలిష్ పెట్టేముందు ఈ పని చెయ్యండి.

విడిభాగాల కోసం మా వూరివారు జె.సి. రోడ్డుకు వెళతారు. కార్బ్యురేటర్ బండికీ, తరువాత వచ్చిన ఎం.పి.ఎఫ్.ఐ. బండికీ సామాను ఒకటి కాదు. అందుచేత పాత భాగాన్ని చేతిలో పట్టుకొని, బండి సంవత్సరం చెప్పి అడగాలి. చెవితోనే కార్బ్యురేటర్‌ను సరిచేసే పాత మేస్త్రీ మీకు తెలిసి వుంటే, ఆయనను గౌరవంగా చూసుకోండి. పక్కన నిలబడి పని నేర్చుకోండి. అటువంటివారు తగ్గిపోతున్నారు.

ఇక కఠినమైన మాట. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 యేళ్లు. ఆపైన అయిదేసి యేళ్లకు పరీక్ష చేయించి పొడిగించుకోవాలి. 600 రూపాయలుండిన ఆ రుసుమును 2022 ఏప్రిల్‌లో 5,000 చేశారు. 20 యేళ్లు దాటినవాటికి 2025లో 10,000 చేశారు. పైగా ఈ బండిలో ప్రమాదమప్పుడు కాపాడే గాలిసంచులు లేవు, రేకు పలుచన. పిల్లలను ఎక్కించుకొని రాత్రివేళ లారీల మధ్య చిత్తూరుకో అనంతపురానికో పెద్దరోడ్డు మీద పోవటానికి తగినది కాదు. ఊళ్లో, పగటిపూట, బెల్టు పెట్టుకొని నెమ్మదిగా నడిపితే మోజూ తీరుతుంది, మనిషీ క్షేమం.

ఇంతకూ నా మనవి మీ ఆవరణలో గుడ్డ కప్పుకొని నిలిచిన బండిని గురించి. నాన్నగారి జ్ఞాపకమని వుంచుకొంటే, ఒక నోటుపుస్తకం పెట్టి తేదీలు వ్రాసి దాని పని చేయించండి. తీరిక లేకపోతే తీరికా, అభిమానమూ రెండూ వున్నవారికి ఇప్పుడే అప్పగించండి. నేల తుప్పుతిని ఊడితే మాత్రం ప్రభుత్వ గుర్తింపు వున్న తుక్కు కేంద్రానికి పంపి కాగితం తీసుకోండి. మూడింటిలో ఏది చేసినా పెద్దాయన మాట నిలిపినట్లే. కారు కొన్ననాడు ఆయన కోరినది ఇంటివాళ్లు అందులో తిరగాలనే గదా!