నడిసముద్రపు కరారులు – మన వకీళ్ళు

కరీంనగర్ జిల్లాకు సముద్రం లేదు. ఆదిలాబాదుకూ లేదు. అయినను మన ధర్మపురిని, మంథనిని, కాళేశ్వరాన్ని తాకుచు సాగే గోదావరి చివరకు చేరేది సముద్రాన్నే. ఆ నది యుగయుగాలుగా మోసుకొనిపోయిన ఇసుక పొరల అడుగుననే కృష్ణా గోదావరి క్షేత్రపు వాయు నిక్షేపాలు ఉన్నవి. మరొకవైపు, మన పల్లెల నుండి గల్ఫు దేశాలకు వెళ్ళిన వేలాది యువకులు అక్కడి రేవులలో, నూనెశుద్ధి కర్మాగారాలలో, కట్టడాల మీద ఎండలో నిలిచి పనిచేసినారు, చేస్తున్నారు. కాబట్టి సముద్రం మన ఇంటికి ఎన్నడో వచ్చినది. కాని మన చెమట మాత్రమే అక్కడకు వెళ్ళినది. మన చదువు ఇంకను వెళ్ళవలసి ఉన్నది.

వకాలతు అనగానే మన విద్యార్థుల మనస్సులో మెదిలేది జిల్లా కోర్టు ఆవరణ, భూమి తగాదా, జామీను దరఖాస్తు. అవి చిన్న విషయాలని మేము అనము. పేదవానికి న్యాయం దొరికేది ముందుగా అక్కడనే. అయితే న్యాయశాస్త్రంలో మరొక విశాలమైన శాఖ కలదు. నడిసముద్రంలో నిర్మించే వేదికలు, గొట్టపు మార్గాలు, విద్యుత్తు, చమురు, సహజవాయువు – వీటి కరారులలో పుట్టే వివాదాలను వాదించే శాఖ అది. ఆ వృత్తిని గురించి మన విద్యార్థులు తెలుసుకొనవలెనని, కళాశాల కమిటీ దానికి కొంత దారి చూపవలెనని మా మనవి.

ఈ వివాదాలు ఎట్లా పుట్టును? సముద్రంలో చమురు తీయుటకు ముందుగా ఒడ్డున పెద్ద ఉక్కు చట్రాన్ని తయారుచేసి, బార్జి మీద తీసుకొనిపోయి, అడుగున నాటి, దానిపై వేదికను నిలుపుతారు. వానకాలపు తుఫానులకు ముందే పని ముగియవలెను. ఒక నెల ఆలస్యమైనచో ఋతువే చేజారిపోవును. ఋతువు పోయినచో సంవత్సరం పోయినట్లే. నమూనా మార్చినది యజమాని అయినచో అదనపు ఖర్చు ఎవరిది? ఉక్కు ఆలస్యంగా వచ్చినచో జరిమానా ఎవరికి? బార్జి పనిలేక నిలిచిన రోజుల అద్దె ఎవరు కట్టవలెను? ఈ ప్రశ్నలన్నిటికి జవాబు కరారులోని ఒక్కొక్క వాక్యంలో ఉండును. ఆ వాక్యాన్ని చదువగలవాడే ఈ వృత్తికి తగినవాడు.

బొంబాయి హై క్షేత్రంలో ఓ.ఎన్.జి.సి. వేదికల నిర్మాణాన్ని 1980లలో బర్న్ స్టాండర్డ్ కంపెనీ చేపట్టి, అందులో పనిని మెక్‌డెర్మాట్ అను విదేశీ సంస్థకు అప్పగించినది. పని ముగిసిన తరువాత లెక్కల మీద తగాదా వచ్చినది. దానిపై సుప్రీంకోర్టు తీర్పు వెలువడినది 2006లో. పని ఆలస్యమైనపుడు కంట్రాక్టరు కార్యాలయపు ఖర్చును, పోయిన లాభాన్ని ఏ సూత్రంతో లెక్కించవలెనను ప్రశ్న అందులో ఉన్నది. హడ్సన్ సూత్రమా, ఎమ్‌డెన్ సూత్రమా, ఐక్‌లీ సూత్రమా అను ఎంపిక మధ్యవర్తి అధికార పరిధిలోనిదని న్యాయస్థానం చెప్పినది. న్యాయవాదికి గణితం అవసరమా అని అడిగే విద్యార్థికి ఇదే జవాబు.

ఓ.ఎన్.జి.సి., సా పైప్స్ సంస్థల మధ్య 2003లో తీర్పు వచ్చిన వ్యాజ్యం కూడ అట్టిదే. సముద్రపు బావులకు కావలసిన గొట్టాలు గడువులోగా రాలేదు. ఐరోపా ఉక్కు కర్మాగారాలలో సమ్మె జరిగినదని సరఫరాదారు చెప్పినాడు. కరారులో ముందే నిర్ణయించుకొన్న నష్టపరిహారాన్ని ఓ.ఎన్.జి.సి. బిల్లులో కోసుకొన్నది. నిజముగా నష్టం జరిగినట్లు ఋజువు చేయవలెనని మధ్యవర్తులన్నారు. ఉభయులు న్యాయంగా ముందే అంచనా వేసుకొన్న మొత్తం అయినపుడు ప్రతిసారి ఆ ఋజువు అడుగనక్కరలేదని సుప్రీంకోర్టు అన్నది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 74వ సెక్షను మీద ఇంత చర్చ నడచినది. మన విద్యార్థి పరీక్ష కొరకు బట్టీపట్టి మరచిపోయే సెక్షను అది!

ఇక గోదావరి సంగతి. కాకినాడ తీరానికి ఆవల సముద్రగర్భంలో 2002లో కనుగొన్న వాయువు 2009లో బయటకు రాసాగినది. దాని సరఫరా, ధర విషయమై అన్నదమ్ముల రెండు సంస్థల మధ్య వచ్చిన వ్యాజ్యాన్ని 2010 మే 7న సుప్రీంకోర్టు తేల్చినది. ఆ ధర్మాసనంలో ఒకరు మన తెలంగాణ బిడ్డ, ఉస్మానియాలో న్యాయశాస్త్రం చదివిన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి గారు. సముద్రం అడుగున ఉన్న సంపద రాజ్యాంగంలోని 297వ అధికరణం ప్రకారం కేంద్రానికి చెందుననియు, ప్రభుత్వం దానికి ప్రజల తరఫున ధర్మకర్త వంటిదనియు ఆ తీర్పు సారాంశం. ఇద్దరు వ్యాపారుల కరారు ప్రజల సొత్తును మించిపోజాలదు.

ఆ సముద్రంలోనే మరొక విచిత్రమైన తగాదా లేచినది. వాయువుకు గట్లు, హద్దురాళ్ళు తెలియవు. ఓ.ఎన్.జి.సి. క్షేత్రంలోని వాయువు పక్కనున్న రిలయన్స్ క్షేత్రంలోనికి ప్రవహించినదని వివాదం వచ్చినది. ప్రభుత్వం 2016లో సుమారు 155 కోట్ల డాలర్లు కట్టుమన్నది. 2018లో మధ్యవర్తులలో ఇద్దరు రిలయన్స్ పక్షాన తీర్పు చెప్పగా ఒకరు విభేదించినారు. ఢిల్లీ హైకోర్టు ఏక న్యాయమూర్తి 2023లో ఆ తీర్పును నిలబెట్టినారు. 2025 ఫిబ్రవరిలో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం దానిని కొట్టివేసినది. పొలంగట్టు తగాదాను విన్న ప్రతి పల్లెవానికి ఈ వ్యాజ్యం అర్థమగును. మన బావిలోని ఊట పక్కవాని బావిలోనికి పోయినచో నీరెవరిది? ప్రశ్న పాతదే, లోతు మాత్రమే కొత్తది.

గల్ఫు చరిత్రలో మన కళాశాల విద్యార్థులు మరువరాని ఒక ఘట్టం కలదు. 1939లో అబూధాబీ షేకు ఒక బ్రిటిషు చమురు కంపెనీకి హక్కు ఇచ్చినారు. ఆ హక్కు తీరసముద్రానికి ఆవల ఉన్న సముద్రపు మెట్టకు కూడ వర్తించునా అని వివాదం వచ్చి, 1951లో లార్డ్ ఆస్క్విత్ ఎదుట నిలిచినది. కరారు వ్రాసినది అరబ్బీ భాషలో. అయినను ఆ దేశంలో ఇట్టి కరారులకు వర్తింపదగిన స్థిరమైన న్యాయసూత్రాలు లేవని ఆయన భావించి, ఇంగ్లీషు న్యాయానికి దగ్గరగా ఉన్న సూత్రాలతో తీర్పు చెప్పినారు. సముద్రపు మెట్ట ఆ హక్కులో చేరదని తేల్చుటచే షేకు ఆ అంశంలో గెలిచినారు. కాని ఒక సమాజపు న్యాయవిజ్ఞానం లేనట్టే పక్కన పెట్టబడినది. మధ్యవర్తిత్వానికి ఇస్లామీ న్యాయశాస్త్రంలో తహ్కీమ్ అను పేరుతో శతాబ్దాల చరిత్ర ఉన్నది. 1876 నాటికి పూర్తియైన ఉస్మానీ సామ్రాజ్యపు మజల్లాలోను దానికి ప్రత్యేక ప్రకరణం కలదు. దానిని ఆ న్యాయపీఠాల భాషలో గట్టిగా విన్నవించగలవారు తగినంతగా లేకపోవుటయే లోపం. 1958లో అరాంకో వ్యాజ్యం ముగిసిన పిదప సౌదీ ప్రభుత్వం 1963లో తన శాఖలు మధ్యవర్తిత్వానికి పోరాదని కట్టడి చేసినదనుటలో ఆశ్చర్యం లేదు. తరువాత కాలం మారినది. సౌదీ 2012లో, ఖతరు 2017లో, ఐక్య అరబ్ ఎమిరేట్లు 2018లో కొత్త మధ్యవర్తిత్వ చట్టాలు చేసుకొన్నవి. ఇప్పుడు ఇంగ్లీషు న్యాయం తెలిసి, అరబ్బీ కరారును చదువగల న్యాయవాదికి అక్కడ గౌరవస్థానం కలదు.

మన దేశంలోను ఈ దారి వేసినవారిలో మన ప్రాంతపువారు ఉన్నారు. 1957 నుండి 1977 వరకు మంథనికి శాసనసభలో ప్రాతినిధ్యం వహించిన పి.వి. నరసింహారావు గారు స్వయంగా న్యాయశాస్త్ర పట్టభద్రులు, బహుభాషావేత్త. ఆయన ప్రధానిగా ఉండగానే 1996 జనవరిలో కొత్త మధ్యవర్తిత్వ ఆర్డినెన్సు వెలువడినది. ఆ సంవత్సరమే అది చట్టమైనది. 2021 డిసెంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేంద్రం ప్రారంభమైనది. అంతకు ఒక శతాబ్దం ముందే, 1917లో హైదరాబాదులో ఏర్పడిన దారుల్ తర్జుమా న్యాయశాస్త్ర గ్రంథాలను సైతం ఉర్దూలోనికి తెచ్చినది. వకీలు, ఫిర్యాదు, దస్తావేజు, కరారు, జామీను – ఈ మాటలు మన తెలుగులో ఉర్దూ నాటిన మొక్కలే. రెండు భాషల నీడలో పెరిగిన మన విద్యార్థికి మూడవ భాష, నాలుగవ భాష భారం కానేరదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినవచ్చును. ఇవన్నీ కోటీశ్వరుల తగాదాలు. పేద కుటుంబాల పిల్లలకు వీటితో ఏమి పని? ఈ మాటలో నిజమున్నది, కాని సగమే. 2021 మే నెలలో తౌక్తే తుఫానులో బొంబాయి హై వద్ద పి-305 అను నివాసపు బార్జి మునిగినది. అందులో ఉన్న 261 మందిలో డెబ్బదిమందికి పైగా మరణించినారు. వారు వేదికల పనికి వెళ్ళిన కార్మికులు. తుఫాను హెచ్చరిక వచ్చినపుడు బార్జిని వెనుకకు మరల్చవలసినది ఎవరు, ఆ రోజుల ఖర్చు ఎవరు భరింతురు అను వాక్యాలు కరారులో ఎంత స్పష్టంగా ఉన్నచో అడుగున నిద్రించే కార్మికుని ప్రాణానికి అంత రక్ష. అట్లే 2016లో సౌదీలో పెద్ద నిర్మాణ సంస్థలకు చెల్లింపులు నిలిచినపుడు వేలమంది భారతీయుల జీతాలు ఆగినవి. మన ప్రభుత్వం మంత్రిని పంపి వారిని ఆదుకొనవలసివచ్చినది. పైన పెద్దల లెక్క తేలకున్నచో కింద కూలివాని కంచం ఖాళీ. కనుక ఈ వ్యాజ్యాలు మనవి కావనుట మన తండ్రుల, అన్నల కష్టం మనది కాదనుటయే.

అయితే ఈ వృత్తిలో ఒక ప్రమాదం లేకపోలేదు. ఫీజు ఎక్కువ, విలాసం ఎక్కువ. వాదించుచు వాదించుచు ఎవరి పక్షాన నిలిచినామో మరచుట సులభం. కంపెనీ పక్షాన వాదించుట తప్పు కాదు. కాని కరారులో కార్మికుని కూలి, రక్షణ గురించిన వాక్యం కనబడినపుడు కన్ను తప్పించుట తప్పు. మన గడ్డ నుండి వెళ్ళే న్యాయవాదికి ఆ ఒక్క విషయంలో ఇతరులకన్న చూపు పదునుగా ఉండవలెను.

విద్యార్థులారా! దారి దూరమే కాని మూసినది కాదు. ఇంటరు తరువాత ఐదేండ్ల న్యాయవిద్య, లేక డిగ్రీ తరువాత మూడేండ్లది. రాష్ట్ర ప్రవేశపరీక్ష, జాతీయ ప్రవేశపరీక్ష రెండును ఉన్నవి. ఇంజనీరింగు చదివినవారు, లెక్కలు తెలిసినవారు ఇందులో ముందుందురు. మొదటి పాఠం ఇంటి దగ్గరనే దొరకును: సింగరేణి గనులలో, రామగుండం విద్యుత్కేంద్రంలో నడిచే కంట్రాక్టు పనుల స్వభావమును సముద్రపు పనికి భిన్నం కాదు. గడువు, కొలత, నాణ్యత, చెల్లింపు – నాలుగు మాటలే.

కమిటీ పెద్దలకు మా విన్నపం మూడు అంశాలు. న్యాయవిద్య ప్రవేశపరీక్షలకు సాయంకాలపు శిక్షణ ఏర్పాటు చేయవలెను. అరబ్బీని మతగ్రంథ పఠనంతోపాటు వ్యవహారభాషగా కూడ నేర్పవలెను. గల్ఫుకు వెళ్ళుచున్నవారి కరారునామాలను చదివి, ఉర్దూలోను తెలుగులోను వారికి అర్థం చెప్పు వారపు సేవను పెద్ద న్యాయవాదుల పర్యవేక్షణలో విద్యార్థులచే నడపవలెను. ఈ మూడవది అన్నిటికన్న ముఖ్యం. దానివలన వెళ్ళే కార్మికునికి రక్ష, చదివే విద్యార్థికి శిక్ష కలుగును. సంతకం పెట్టకముందు కరారును చదువుట నేర్పిన కళాశాల తన పని తాను చేసినట్లే.