ఆ నల్ల గీత ఎందుకొచ్చిందో చెప్పే తెలుగు పుస్తకమేది?

కర్ణాటకలోని రాయచూరు జిల్లా మల్లట్‌లో ఒక కుర్రాడు పెళ్ళి వీడియోల మిక్సింగ్ నేర్చుకుంటానంటే వాడి చేతికి అందేదేమిటి? హార్డ్ డిస్క్ నిండా ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు. ఫొటోలు మార్చు, పేర్లు మార్చు, రెండర్ కొట్టు. దీన్నే విద్య అంటున్నారు. నేను చచ్చినా అనను. ఆరు నెలలు ఫీజు గుంజి షార్ట్‌కట్ కీలు బట్టీ పట్టించే కోచింగుల్నీ చదువనను.

కావాలంటే ఒక్క పని దగ్గరగా చూడండి. పెళ్ళికూతురి ఫొటో కటౌట్ తీసి పూల బ్యాక్‌గ్రౌండ్ మీద పెడతారు. జుట్టు చుట్టూ సన్నటి నల్ల గీత మిగులుతుంది. ఎందుకని అడిగితే "గ్లో వెయ్ అన్నా, కనపడదు" అంటారు. చాలాసార్లు అసలు సంగతి వేరు. కటౌట్ అంచున సగం పారదర్శకంగా ఉన్న పిక్సెళ్ళలో నలుపు ముందే కలిసిపోయి ఉంటుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్ తెరిచి, ఆల్ఫాని, అంటే పారదర్శకత సమాచారాన్ని, ప్రీమల్టిప్లైడ్‌కి మారిస్తే ఆ గీత పోతుంది. ఈ లెక్కంతా గ్రాఫిక్స్ పరిశోధకులు పోర్టర్, డఫ్ 1984లోనే రాసి పెట్టారు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ వచ్చింది 1993లో. ఇంగ్లీషు వచ్చినవాడికి దాని మీద ట్రిష్ మేయర్, క్రిస్ మేయర్ రాసిన లావుపాటి పుస్తకాలున్నాయి. మనవాడికి గ్లో ఉంది!

తెలుగులో దీనికో పుస్తకం వెయ్యమంటే, సాఫ్ట్‌వేర్ ఏటా మారుతుంది, పుస్తకం అచ్చయ్యేలోపే పాతదైపోతుంది అంటారు. మారేది మెనూ. రెనో కార్ల బాడీలు గీయడానికి 1960లలో ఇంజనీరు పియర్ బెజియే వాడుకలోకి తెచ్చిన వంపే ఇవాళ్టికీ రెండు కీఫ్రేమ్‌ల మధ్య వేగాన్ని నడిపిస్తోంది. కట్ ఎక్కడ పడాలో తేల్చేటప్పుడు భావోద్వేగానికే సగానికి పైగా విలువ ఇవ్వాలని ఫిల్మ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ 1995లో పుస్తకం వేసి చెప్పాడు. ఏ కొత్త వెర్షన్ వచ్చి దాన్ని కొట్టేసింది?

ఇంగ్లీషు పుస్తకాలకి అసలు పట్టని బాధ ఇంకొకటుంది, మన అక్షరం. టైటిల్లో "కల్యాణం" అని యూనికోడ్‌లో కొడతాం. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో టెక్స్ట్ ఇంజన్ లాటిన్ మీద ఉంటే వత్తు విడిపోయి పొల్లు బయటపడుతుంది. సెట్టింగుల్లో దాన్ని భారతీయ లిపుల ఇంజన్‌కి మార్చాలని తెలియక యూనికోడ్ కాని అను ఫాంట్లకి పోతారు. అక్కడ వత్తు విడి గుర్తు. అక్షరం అక్షరంగా దిగే యానిమేషన్ పెడితే 'క' దిగుతుంది, 'ల' దిగుతుంది, ఆ వెనక 'య' వత్తు ఒంటరిగా ఊగుతూ వస్తుంది. పెళ్ళివారి తెర మీద మన లిపికి ఈ గతి పట్టిస్తున్నాం. కన్నడానికీ ఇదే గోడు. యూనికోడ్ పట్టికలో రెండూ పక్కపక్క ఇళ్ళు, చెరి 128 గళ్ళు.

తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళ వెంట కోస్తా నుంచి వచ్చి రాయచూరు జిల్లాలో క్యాంపులు కట్టుకున్న కుటుంబాల పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సాఫ్ట్‌వేర్‌లో ఇంగ్లీషు. రీల్ చూసి నేర్చుకోమని వాళ్ళకి సలహా ఇవ్వడం సిగ్గుచేటు. రీల్ ఏ బటన్ నొక్కాలో చూపిస్తుంది. అది పనిచెయ్యనప్పుడు ఏం చెయ్యాలో చెప్పదు.

1968లో తెలుగు అకాడమీ పెట్టింది పై చదువుల పుస్తకాలు తెలుగులో తేవడానికే కదా? ఎడిటింగ్ మీద ఈ పుస్తకం కూడా వెయ్యండి. శ్రీకర్ ప్రసాద్, కోటగిరి వెంకటేశ్వరరావు లాంటివాళ్ళు ఫిల్మ్ ముక్కలు కోసి అతికించిన రోజుల నుంచి కంప్యూటర్ దాకా ఎడిటింగ్ చేసినవాళ్ళు. వాళ్ళని కూర్చోబెట్టి చెప్పించి రాయించండి. ఇంగ్లీషు మాటలు తెలుగు లిపిలో అలాగే ఉంచండి. కీఫ్రేమ్‌కి సంస్కృతం వెతకొద్దు. తెలుగు టైటిళ్ళకి ఒక అధ్యాయం పూర్తిగా ఇవ్వండి. సాధనకి ఫుటేజ్ జతచెయ్యండి; మన పెళ్ళిది, మన జాతరది. డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోనూ బ్లెండర్‌లోనూ చేసి చూపించండి, అప్పుడు దొంగ కాపీల కోసం ఎవడూ తిరగక్కర్లేదు. అచ్చయ్యాక ప్రతుల్ని హైదరాబాదు, విజయవాడ షాపుల్లోనే పేర్చి ఊరుకోకండి. కర్ణాటకలో పంచాయతీ గ్రంథాలయాల్ని ఇప్పుడు అరివు కేంద్రాలంటున్నారు. సరిహద్దు ఊళ్ళలో ఉన్నవాటికి పంపండి, మల్లట్ వైపుకీ పంపండి.