అంకెకు అర్థం ఉండాలి

1969 జులైలో చంద్రుడి మీద బజ్ ఆల్డ్రిన్ చేతికి ఉన్నది ఒమెగా స్పీడ్‌మాస్టర్. ఆ పేరుతో ఆ తర్వాత వచ్చిన లిమిటెడ్ ఎడిషన్లు ఎన్నెన్నో. వాచీల అభిమానులు ఎక్కువగా నొచ్చుకునేదీ ఈ వరస గురించే.

వాళ్ల బాధ ధర ఒక్కటే కాదు. 2015లో వచ్చిన సిల్వర్ స్నూపీ వాచీలు 1970 మాత్రమే. అపోలో 13 వ్యోమగాములు ప్రాణాలతో తిరిగొచ్చిన సంవత్సరం అది. ఆ అంకెకు అర్థం ఉంది. 2017లో అభిమానుల కోసమే చేసిన మొత్తం 2,012 ‘స్పీడీ ట్యూస్‌డే’ వాచీలు కొన్ని గంటల్లోనే అమ్ముడుపోయాయి. అదే యంత్రానికి డయల్ రంగు మార్చి, వెనక మూత మీద నంబరు చెక్కి అమ్మేవాటి సంగతి వేరు. అలాంటివి ఏటా వస్తుంటే నిన్న కొన్నవాడి నమ్మకం సడలుతుంది. కొందరు పెట్టె కూడా విప్పకుండా ఎక్కువ ధరకు తిరిగి అమ్మేస్తారు. చేతికి పెట్టుకోవాలని ఆశపడ్డవాడికి వాచీ దక్కదు.

2020లో స్నూపీ మళ్లీ వచ్చినప్పుడు ఒమెగా సంఖ్యకు హద్దు పెట్టలేదు. వెయిటింగ్ లిస్టు ఎంత పొడవున్నా, నా దృష్టిలో అది సరైన నిర్ణయం. ఈ సంచికలో సేకర్తలు ఈ వాదనను రెండు వైపుల నుంచీ వినిపిస్తున్నారు. మీరు విభేదిస్తే రాయండి, తప్పక అచ్చువేస్తాం.