విరాళానికి రసీదు చాలు

1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. మొదటి శ్రేణిలో పూర్తిచేసిన ఓ కుర్రవాడు అక్కడే పరిశోధన చేద్దామనుకున్నాడు. పరిశోధక వేతనానికి పెట్టుకున్న దరఖాస్తు ఆలస్యంగా అందిందంటూ పక్కన పెట్టేశారు. యుద్ధకాలం. కొలువు వెతుక్కుంటూ కలకత్తా వెళ్లిన ఆ యువకుడు భారతీయ గణాంక సంస్థలో శిక్షణకు చేరాడు. 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో అచ్చయిన అతని వ్యాసం నుంచే క్రామర్-రావ్ అసమానత, రావ్-బ్లాక్‌వెల్ సిద్ధాంతం ప్రపంచ గణాంకశాస్త్రంలో చోటు సంపాదించుకున్నాయి. కల్యంపూడి రాధాకృష్ణారావుకు 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వచ్చేనాటికి ఆయన వయసు నూటరెండేళ్లు. విశాఖలో గొప్ప పూర్వ విద్యార్థుల ప్రస్తావన వస్తే మొదట తలచుకునే పేర్లలో ఆయనదొకటి. చేజారిన పరిశోధక వేతనం సంగతి సన్మానపత్రంలో రాసుకునేది కాదు మరి.

ఉస్మానియా చరిత్రలో ఇంతకంటే ఘాటైన ఉదంతం ఉంది. 1938లో వందేమాతరం పాడొద్దన్న ఆంక్షను ధిక్కరించినందుకు వందలమంది విద్యార్థులను బయటకు గెంటేశారు. అప్పట్లో ఉస్మానియా పరిధిలోనే ఉన్న హనుమకొండ కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుతున్న పాములపర్తి వెంకట నరసింహారావు వారిలో ఒకరు. ఆ పిల్లలను అక్కున చేర్చుకున్నది నాగపూర్ విశ్వవిద్యాలయం. పి.వి. డిగ్రీ పుణేలో, న్యాయశాస్త్రం నాగపూర్‌లో పూర్తయ్యాయి. ఆయన దేశానికి ప్రధాని అయ్యారు. 2024లో భారతరత్న ప్రకటించారు. ఇప్పుడు ఉస్మానియా తన ఘనులను లెక్కపెట్టుకునేటప్పుడు ఆ పేరు లేకుండా లెక్క మొదలుకాదు.

పాత గాయాలు కెలకడానికి ఇవి చెప్పడం లేదు. కళ్లెదుటే ఉన్న విద్యార్థి విలువను గుర్తించలేకపోవడం, లోకం గుర్తించాక మావాడేనని చెప్పుకోవడం విశ్వవిద్యాలయాలకు ఎప్పటినుంచో ఉన్న జబ్బు. పూర్వ విద్యార్థుల సమ్మేళనాల్లో చేసే సన్మానాలు ఆ జబ్బుకు మందు కావాలి. ఇవాళ జరుగుతున్న తీరు చూస్తే జబ్బు ముదురుతోందనే అనిపిస్తోంది. పదవిలో ఉన్నవారికి ఓ శాలువా, చెక్కు ఇచ్చినవారికో జ్ఞాపిక. అందుకే మా మాట సూటిగా చెబుతున్నాం. అధికార పదవుల్లో ఉన్నవారికి, విరాళాలకు ప్రతిఫలంగా దాతలకు 'విశిష్ట పూర్వ విద్యార్థి' గౌరవం ఇవ్వడం మన విశ్వవిద్యాలయాలు వెంటనే మానుకోవాలి. విరాళానికి రసీదు ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది, కావాలంటే భవనానికి పేరూ ఉంటుంది. చదువు పేరుతో ఇచ్చే గౌరవానికి చదువు, దానితో చేసిన పని తప్ప మరో అర్హత ఉండకూడదు.

అమెరికా విశ్వవిద్యాలయాల్లో హోంకమింగ్ సంబరం ఫుట్‌బాల్ మ్యాచ్ చుట్టూ తిరుగుతుంది. మన దగ్గర వేదిక చుట్టూ తిరుగుతుంది. వేదిక మీద ఎవరు, ఏ వరసలో, ఎవరి పక్కన అన్నది తేలేసరికే నిర్వాహకులకు సగం ప్రాణం పోతుంది. జ్యోతి ప్రజ్వలన, స్వాగతోపన్యాసం, పుష్పగుచ్ఛాలు, ముఖ్య అతిథి ఆలస్యం, ఆయన వచ్చాక అప్పటిదాకా మాట్లాడుతున్నవారి చేతికో చీటీ. సన్మానం అందుకున్న శాస్త్రవేత్త ఏం పరిశోధించారో సభలో ఎవరికీ తెలియకుండానే ఫొటోల కార్యక్రమం అయిపోతుంది. భోజనాల దగ్గర మాత్రం పాత మిత్రులు నిజంగా కలుసుకుంటారు. సమ్మేళనంలో అసలైన సమ్మేళనం అదొక్కటే అనాలేమో.

రాజకీయ నాయకుల సంగతి ముందు చూద్దాం. ఒక మంత్రి ఆ క్యాంపస్‌లోనే చదివి ఉండవచ్చు, బాగానే చదివి ఉండవచ్చు. అయినా పదవిలో ఉండగా ఆయన మెడలో వేసే దండకు విలువ లేదు. ఆ దండ వేసే చేతికి స్వేచ్ఛ లేకపోవడమే కారణం. ఉపకులపతి నియామకం ప్రభుత్వం చేతిలో ఉంది, బ్లాక్ గ్రాంటు ఉంది, ఖాళీల భర్తీకి అనుమతీ ఉంది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారగానే ఉపకులపతులు ఒకరి వెంట ఒకరు రాజీనామా చేశారు. అదే ఏడాది తెలంగాణలో ఉపకులపతుల పదవీకాలం మే నెలలో ముగిస్తే, కొత్తవారు వచ్చేదాకా నెలల తరబడి ఐఏఎస్ అధికారులే ఇన్‌చార్జిలుగా నెట్టుకొచ్చారు. అటువంటి స్థితిలో ఉన్న కార్యాలయం ఒక మంత్రిని సన్మానిస్తే దాన్ని విద్వత్ గౌరవమని ఎవరు నమ్ముతారు? ఆయన పదవి దిగి అయిదేళ్లు గడవనివ్వండి. అప్పటికీ సన్మానించాలనిపిస్తే నిక్షేపంగా సన్మానించవచ్చు. అప్పటికి ఎంతమంది గుర్తుంటారన్నది వేరే సంగతి.

దాతల విషయం ఇంత తేలిక కాదు. డబ్బు అక్కర లేదనే స్తోమత మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు లేదు. ప్రభుత్వమిచ్చే గ్రాంటులో సింహభాగం జీతాలకూ పింఛన్లకే సరిపోతుంది. ప్రయోగశాలకో, గ్రంథాలయానికో, హాస్టల్ మరమ్మతుకో మిగిలేది అంతంతే. దీనికి తోడు న్యాక్ గుర్తింపు కోసం నింపే నివేదికలో పూర్వ విద్యార్థులు ఎన్ని లక్షలు ఇచ్చారన్న గడి ఒకటుంది. ఆ గడి నింపాలి కాబట్టి సంఘం రిజిస్టరవుతుంది, సమ్మేళనం జరుగుతుంది, అమెరికాలోని తెలుగువారికి ఆహ్వానాలు వెళతాయి. ఇవ్వగలిగినవారు ఇవ్వడంలో తప్పులేదు; అడగడంలో అంతకన్నా తప్పులేదు. చేతులు కట్టుకుని కూర్చునే ఉపకులపతి కంటే అడిగే ఉపకులపతే మేలు. చిక్కంతా ఇచ్చిన డబ్బుకు బదులుగా బిరుదు చేతిలో పెట్టడంలోనే.

బాపట్లలో పుట్టిన కృష్ణ చివుకుల 1970లో మద్రాసు ఐఐటీలో ఎం.టెక్. పూర్తిచేశారు. లోహపు పొడిని అచ్చుల్లో పోసి సూక్ష్మ విడిభాగాలు తయారుచేసే పరిజ్ఞానాన్ని మన దేశానికి తెచ్చి ఇండో-ఎంఐఎం సంస్థను స్థాపించారు. ఆ ఐఐటీ ఆయనను విశిష్ట పూర్వ విద్యార్థిగా గౌరవించింది 2015లో. ఆయన 228 కోట్ల రూపాయల విరాళం ఇచ్చింది 2024లో. మధ్యలో తొమ్మిదేళ్లు. బొంబాయి ఐఐటీ నందన్ నీలేకనిని అదే విధంగా గౌరవించింది 1999లో. 315 కోట్లు ఆయన ఇచ్చింది 2023లో. ఈ వరసలోనే పాఠమంతా ఉంది. ముందు పనికి గుర్తింపు. ఆ తర్వాత, ఇవ్వాలనిపిస్తే, డబ్బు. తన పనిని సంస్థ మనస్ఫూర్తిగా గౌరవించిందన్న నమ్మకం ఉన్నవాడు పెద్ద మొత్తమే ఇస్తాడు. చెక్కును బట్టి శాలువా కప్పుతారని తెలిసినవాడు చెక్కును కూడా శాలువా ధరకే రాస్తాడు.

దాతను బిరుదు లేకుండా గౌరవించడం మనకు తెలియని విద్య కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు శాశ్వతంగా అందేలా ఏర్పాటు చేసిన జయపురం మహారాజు విక్రమదేవ వర్మ అక్కడ చదువుకున్నవారు కాదు. శాస్త్ర సాంకేతిక కళాశాలకు ఆయన పేరు పెట్టారు. దాతృత్వానికి తగిన గుర్తింపు అది, తగినచోటే ఉంది. అదే విశ్వవిద్యాలయం 1938లో గిడుగు రామమూర్తిని కళాప్రపూర్ణతో గౌరవించింది. వాడుక భాష కోసం పండితలోకమంతటితో తగవు పెట్టుకుని, పర్లాకిమిడి ప్రాంతంలో సవరల పలుకును నేర్చి నిఘంటువు రాసిన మనిషి ఆయన. 1970లో గుర్రం జాషువాకూ అదే గౌరవం దక్కింది. బడి పంతులుగా మొదలై అవమానాలను దిగమింగి కవిత్వం రాసిన ఆయన నుంచి విశ్వవిద్యాలయానికి వచ్చే విరాళమేమిటి? వారిద్దరూ పూర్వ విద్యార్థులేమీ కారు. కానీ గౌరవించదగిన మనిషిని పోల్చుకునే చూపు ఒకప్పుడు విశాఖకు ఉండేదనడానికి ఆ రెండు పేర్లు చాలు.

ఆ చూపు ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలో చెప్పడం కష్టమేమీ కాదు. అమెరికన్ శాస్త్రవేత్త లాఫాండ్ 1952లో విశాఖ వచ్చి బంగాళాఖాతం మీద పరిశోధనలకు ఊపిరి పోశాక, సముద్ర శాస్త్రంలో అక్కడ తయారైన తరాలు దేశంలోని పరిశోధన కేంద్రాలకు చేరాయి. భూగర్భశాస్త్రం చదివినవారు ఓఎన్‌జీసీలోనూ, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలోనూ ఎండలో రాళ్లు కొట్టి, డేరాల్లో పడుకుని పటాలు గీశారు. వారిలో ఎందరి పేర్లు వేదికల మీద వినిపించాయి? ఉస్మానియాలో ఎం.ఎస్సీ. చేసి ఆదిలాబాద్ జూనియర్ కళాశాలలో పాతికేళ్లు భౌతికశాస్త్రం చెప్పి, గోండు పిల్లలను ఇంజనీరింగ్ సీట్ల దాకా నడిపించే అధ్యాపకుడు ఉంటాడు. లా చదివి శ్రీకాకుళం కోర్టులో ఫీజు అడగకుండా భూమి కేసులు వాదించే న్యాయవాది ఉంటుంది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ పట్టుకున్న ఆడపిల్లగా వచ్చి, ఓ మండల కేంద్రంలో ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసినామె ఉంటుంది. ఇలాంటివారు వెతికితేనే దొరుకుతారు. ఫ్లెక్సీ మీద ఫొటో ఉన్నవారిని వెతకాల్సిన పనిలేదు. ఆ వెతుకులాటే సన్మాన సంఘం చేయాల్సిన అసలు పని. గూగుల్‌లో పేరు కొడితే వచ్చే మనుషులను పిలవడానికి సంఘం ఎందుకు? ఒక గుమాస్తా చాలు.

విదేశాల్లో పెద్ద కంపెనీలు నడిపేవారిని పిలవొద్దని కాదు. ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన శంతను నారాయణ్ అడోబీని నడిపించిన తీరు నిజంగానే ఘనకార్యం. అలాంటివారు క్యాంపస్‌కు రావాలి, పిల్లలతో మాట్లాడాలి. కానీ జాబితా మొత్తం ఒకే జాతి పక్షులతో నిండిపోతే, వందలాది గ్రామాల నుంచి వచ్చిన విద్యార్థులకు అర్థమయ్యేది ఒక్కటే: చదువుకున్నవాడు ఊరు, రాష్ట్రం, వీలైతే దేశం దాటితేనే మనిషి. ఆ మాట విశ్వవిద్యాలయం నోట రాకూడదు.

ఈ వేడుకల వేళ మనం పట్టించుకోని ఇంకొకరున్నారు. ఇప్పుడు చదువుకుంటున్న విద్యార్థి. మూడో వరస దాటాక కుర్చీలు నింపడానికి అతన్ని పిలుస్తారు, బ్యాడ్జి పెట్టి వాలంటీరు చేస్తారు. అతను చదివే విభాగంలో అధ్యాపకులు ఎంతమంది? తెలుగు రాష్ట్రాల పెద్ద విశ్వవిద్యాలయాల్లో మంజూరైన బోధన పోస్టుల్లో సగానికి పైగా ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకులు అరకొర జీతంతో తరగతులు లాక్కొస్తున్నారు. ఒకప్పుడు సూరి భగవంతం, టి.ఆర్. శేషాద్రి పాఠాలు చెప్పిన విశాఖలో ఇవాళ పరిశోధక విద్యార్థికి గైడు దొరకడమే గగనం. పూర్వ విద్యార్థులు గొప్పవారయ్యారంటే వారికి గొప్ప గురువులు దొరికారన్నమాట. గురువులను తీసుకోవడం ఆపేసి పూర్వ విద్యార్థులను సత్కరించడం, విత్తనాలు అమ్ముకుని పంటకు దిష్టి తీయడం లాంటిది. ముప్పై ఏళ్ల తర్వాత ఎవరిని పిలిచి శాలువా కప్పుతారో నిర్వాహకులు కాస్త ఆలోచించాలి.

ఒక రోజు పండగకు ముందు రెండు రోజులు తరగతి గదులకు కేటాయించమని పూర్వ విద్యార్థులను అడగవచ్చు. వచ్చినవారిలో శాస్త్రవేత్త ఉంటే ప్రయోగశాలలోకి, న్యాయవాది ఉంటే లా కళాశాలకు, రైతు సంఘాల్లో పనిచేసినవారుంటే ఆర్థికశాస్త్ర విభాగానికి వెళ్లి ఒక పాఠం చెప్పాలి, పిల్లల ప్రశ్నలకు జవాబివ్వాలి. తరగతి గదిలో నిలబడటానికి తీరిక లేదన్నవారికి వేదిక మీద తీరిక దొరకడం కూడా మర్యాద కాదు. ఇందుకు ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. రిజిస్ట్రారు ఒక సర్క్యులర్ పంపితే చాలు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది 1926లో, బెజవాడలో. కట్టమంచి రామలింగారెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్ లాంటివారు ఉపకులపతులుగా దానికి రూపునిచ్చారు. నూరేళ్ల ఈ మలుపులో సత్కారాలు వెల్లువెత్తడం సహజం. కాబట్టి నియమాలు ఇప్పుడే రాసుకోవాలి. సన్మానితులను ఎవరు ప్రతిపాదించారు, ఏ పని చూసి ఎంపిక చేశారు అన్నది నెల ముందే నోటీసు బోర్డు మీదికి రావాలి. ఎంపిక సంఘంలో ఇప్పటి విద్యార్థులకూ, పదవీ విరమణ చేసిన అధ్యాపకులకూ చోటుండాలి. దాతల జాబితా వేరు, సన్మానితుల జాబితా వేరు. రెండింటిలో ఒకే పేరు ఉంటే అది ఎందుకో రాతపూర్వకంగా చెప్పాలి. ఉస్మానియా కూడా 1938లో బహిష్కరించిన విద్యార్థుల పేర్లన్నీ తన రికార్డుల నుంచి వెలికితీసి, ఆ ఉత్తర్వును లాంఛనంగా రద్దుచేసి, పేర్లను ఆర్ట్స్ కళాశాలలో అందరికీ కనిపించే చోట పెట్టాలి. ప్రధాని అయిన ఒక్కడి పేరు చెప్పుకుని మిగతావారిని మరిచిపోవడం న్యాయం కాదు.

మంత్రులు సమ్మేళనానికి వస్తామంటే రానివ్వండి. వాళ్లూ అక్కడ చదువుకున్నవాళ్లే, పాత మిత్రులతో కలిసి భోజనం చేసే హక్కు వాళ్లకూ ఉంది. ముందు వరసలో కుర్చీ వేయండి. వచ్చేటప్పుడు అధ్యాపక పోస్టుల భర్తీ ఉత్తర్వు చేతిలో పట్టుకొస్తే, దాన్ని మైకులో చదివి వినిపించేందుకు అయిదు నిమిషాలు ఇవ్వండి.