మద్యపాన వ్యాధి - మన కర్తవ్యము

2020 మార్చి నెలాఖరున కరోనా నిర్బంధము వలన కల్లు దుకాణములు, మద్యపు దుకాణములు ఒక్కసారిగా మూతపడినపుడు, హైదరాబాదు ఎఱ్ఱగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయమునకు రోగులు బారులు తీరిరి. చేతులు వణకుట, నిద్ర పట్టకుండుట, లేనివి ఉన్నట్లు తోచుట, మూర్ఛలు వచ్చుట వారి బాధలు. త్రాగుటకు దొరకనందుననే వారికా దుఃస్థితి కలిగినది. త్రాగుడు కేవలము దుర్బుద్ధియే యైనచో, మానినవానికి మూర్ఛ రానేల?

ఇది పరాయి యూరి సంగతి కాదు. 1956 నవంబరు 1 వఱకు బీదరు హైదరాబాదు రాష్ట్రములోనిదే. నేటికిని జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములతో మనకు రాకపోకలు గలవు. తెలంగాణములో కల్లులో ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేటు వంటి మత్తుమందులు కలుపుట పలుమార్లు బయటపడినది. త్రాగువాడు కల్లే యనుకొని త్రాగును. దేహము మందునకు దాసోహమగును.

నిత్యము మత్తునకు లోనైన మెదడు దానికి ఎదురు నిలుచుటకై తన ఉద్రేకమును పెంచుకొనును. మత్తు హఠాత్తుగా తొలగినపుడు ఆ ఉద్రేకమునకు అడ్డుండదు. వణకు, మూర్ఛ, సంధిప్రలాపము అందుండి పుట్టినవే. చికిత్స లేనిచో ప్రాణమునకే ముప్పు. అమెరికా వైద్య సంఘము 1956లోనే దీనిని వ్యాధిగా గుర్తించినది. మన దేశపు 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టమును మద్యము, మాదకద్రవ్యముల వలని మనోవికారములను మానసిక రోగములలో చేర్చినది.

కాని మన యిండ్లలో జరుగుచున్నదేమి? పిల్లల సంబంధములు చెడునని దాచెదము. దేవుని యెదుట ఒట్టు పెట్టించెదము. గదిలో పెట్టి తాళము వేసెదము. అన్నములో రహస్యముగా మందు కలిపెదము. వైద్యుని పర్యవేక్షణ లేక ఇట్లు చేయుట మిక్కిలి అపాయకరము.

వ్యాధి యనుట తప్పించుకొను త్రోవ చూపుట కాదా యని కొంద ఱడుగవచ్చును. భార్యను కొట్టినవానిని, బిడ్డల తిండిగింజలు అమ్ముకొనినవానిని క్షమింపుడని మేము చెప్పుట లేదు. మధుమేహము వచ్చినవానిని మనము వెలివేయము. మందు మాని, పథ్యము చెఱచినచో మందలింతుము. ఇక్కడను అదే న్యాయము.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1995లో ఆంధ్రప్రదేశమున వచ్చిన మద్యనిషేధము 1997లో సడలినది. కర్ణాటకములో 2007 జూలై నుండి సారా నిషిద్ధము. చట్టము దుకాణమును మూయగలదు గాని, అలవాటుపడిన దేహమును చక్కబఱచజాలదు. అది వైద్యుని పని.

బీదరులో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి కలదు. బెంగుళూరు నిమ్హాన్సులో వ్యసన చికిత్సకు ప్రత్యేక విభాగమే కలదు. ఫోనులో సలహాకు 14446, 14416 అను ఉచిత సంఖ్యలున్నవి. కన్నడము, దక్కనీ చక్కగా వచ్చిన పెద్దలకును కడుపులోని బాధ చెప్పుకొనుటకు తల్లిభాషయే నోటికి వచ్చును. కావున చదువుకొనిన యువకులు వారికి తోడుగా వెళ్లి, వారి మాటను వైద్యునికి వినిపింపవలయును. పొరుగింటి గుట్టును వీధికెక్కింపక, ఆ యింటివారిని ఆసుపత్రి గడప దాటించుటయే సంఘీయులమైన మనకు తగిన పని యని మా మనవి.