కేక్‌వాక్ వారి దాగుడుమూతలు

ఒక సాఫ్టువేరు ఆగిపోవడం మన తరం బ్లాగర్లకు కొత్త సంగతేమీ కాదు. జియోసిటీసు గూళ్ళు 2009లో కూలాయి. రచ్చబండ నడిచిన యాహూ గుంపులు 2020లో మూతబడ్డాయి. ఈస్నిప్సు పోయినప్పుడు ఎందరి టపాల్లోని పాటలు మూగబోయాయో లెక్కలేదు. అన్నిటికీ తలా ఒక టపా రాసుకుని, సంతాపం ప్రకటించి, ముందుకు సాగాము. పోయేవాడు పోతున్నానని చెప్పి పోతే మిగిలినవాళ్ళు మూట సర్దుకుంటారు. పోతున్నాడో ఉంటున్నాడో తేల్చకుండా గుమ్మంలో నిలబడినవాడితోనే చిక్కు. కేక్‌వాక్ అనే సంగీత సాఫ్టువేరు వాడేవారు 2023నుంచి రెండేళ్ళపాటు పడినది సరిగ్గా ఆ చిక్కే. నల్లగొండ, పాలమూరు పాటలకు ఇటువంటి చిక్కు ఎందుకు ఎక్కువగా తగులుతుందో చెప్పాలని ఈ టపా.

సంగీతపు గదులతో పరిచయం లేని మిత్రులకోసం ముందుగా ఒక మాట. గొంతు ఒక వరుసలో, డప్పు ఒక వరుసలో, తాళాలు మరొక వరుసలో విడివిడిగా రికార్డు చేసి, కోసి, అతికి, హెచ్చుతగ్గులు సరిచేసి, చివరకు ఒక్క పాటగా కలిపి ఇచ్చే సాఫ్టువేర్లు కొన్ని ఉన్నాయి. సినిమావాళ్ళు వాడే న్యూయెండో, ప్రోటూల్సు వంటివి ఆ జాతివే. కేక్‌వాక్ వాటికన్నా పెద్ద వయసుది. గ్రెగ్ హెండర్షాట్ స్థాపించిన ట్వెల్వ్ టోన్ సిస్టమ్స్ అనే అమెరికా సంస్థ 1987లో డాస్ కాలంలోనే దాన్ని విడుదల చేసింది. 2001లో అది సోనార్ అయింది. 2008లో రోలాండ్ చేతికి, 2013లో గిటార్లు చేసే గిబ్సన్ చేతికి వెళ్ళింది. గిబ్సన్ హయాములో, 2016లో, ఒకసారి డబ్బు కడితే జీవితకాలమంతా కొత్త రూపాలు ఉచితం అని అమ్మారు. మరుసటి ఏడు నవంబరులో, ఇక దీన్ని అభివృద్ధి చేయబోమని ప్రకటించారు. జీవితకాలమంటే ఎవరి జీవితకాలమో రసీదు మీద రాయించుకోవలసింది.

2018 ఫిబ్రవరిలో సింగపూరుకు చెందిన బ్యాండ్‌ల్యాబ్ సంస్థ దాని హక్కులు కొని, రెండు నెలల్లో దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చింది. ఇది చిన్న మేలు కాదు. చిన్న ఊళ్ళ రికార్డింగు గదుల్లో తాళం పగలగొట్టిన దొంగ ప్రతులు ఎంతగా నడుస్తాయో తెలియనిది ఎవరికి? లక్షలు పెట్టలేనివాడు దొంగతనమైనా చేయాలి, పని అయినా మానుకోవాలి అన్న స్థితిలో, దర్జాగా, ధర్మంగా వాడుకోవడానికి ఒక పూర్తిస్థాయి సాఫ్టువేరు ఉచితంగా చేతికి రావడం సామాన్యమైన సంగతా! ఆ ఒక్క పనికి బ్యాండ్‌ల్యాబ్ వారికి నెనరులు చెప్పవలసిందే. చెప్పి, తరువాతి కథకు వద్దాం.

2023 జూన్‌లో ఆ సంస్థ కేక్‌వాక్ సోనార్, కేక్‌వాక్ నెక్స్ట్ అనే రెండు కొత్త ఉత్పత్తులు వస్తున్నాయని ప్రకటించింది. అవి డబ్బు పెట్టవలసినవి. ఉచితంగా ఉన్నది ముందుముందు కొనసాగదు. ధర ఎంత? చెప్పలేదు. ఏ నాటినుంచి? చెప్పలేదు. ఒకసారి కొంటే సొంతమా, నెలనెలా అద్దెనా? అదీ చెప్పలేదు. 2024లో సోనార్ వచ్చింది గానీ బ్యాండ్‌ల్యాబ్ సభ్యత్వంలో భాగంగా వచ్చింది. డబ్బు కట్టినన్నాళ్ళే అది మనది. కొని సొంతం చేసుకుందామనుకున్నవారికి దారి లేదు. 2025లో కథ మళ్ళీ మలుపు తిరిగింది. సోనార్‌కే ఒక ఉచిత రూపం ఇచ్చి, పాతదానికి స్వస్తి పలికారు.

చివరికి ఉచితంగానే దొరికింది కదా, ఇంకా ఈ సణుగుడు ఎందుకు అని అడగవచ్చు. అడిగేవారు ఆ మధ్య గడిచిన రెండేళ్ళను లెక్కలోకి తీసుకోవడం లేదు. కొత్త పని ఏ సాఫ్టువేరులో మొదలుపెట్టాలి, పాతదానిలో ఉన్న పనిని ఎటు తరలించాలి అన్నది తేలక గడిపిన కాలం అది. పైగా ఆ ఉచిత కేక్‌వాక్‌కు ఒక కట్టుబాటు ఉండేది. కొన్ని నెలలకొకసారి అంతర్జాలం ద్వారా కంపెనీకి కనబడి హాజరు వేయించుకోవాలి. లేకపోతే పాట వినిపిస్తుంది గానీ భద్రపరచనివ్వదు, బయటకు తీయనివ్వదు. తాళంచెవి కంపెనీ బొడ్డున ఉన్నప్పుడు, కంపెనీ మాట నాన్చుతుంటే, ఇంటిలో ఉన్నవాడికి నిద్ర ఎలా పడుతుంది?

దీనికి పక్కన పెట్టి చూడవలసినది ఫినాలే ఉదంతం. పాశ్చాత్య స్వరలిపి రాసుకునే ఆ సాఫ్టువేరును 35 ఏళ్ళ తరువాత ఆపివేస్తున్నామని మేక్‌మ్యూజిక్ సంస్థ 2024 ఆగస్టు 26న ప్రకటించింది. ఏడాది దాటాక కొత్త కంప్యూటరులో దాన్ని ప్రారంభించుకునే వీలుండదని కూడా మొదట అన్నది. దారుణమైన మాటే. కానీ స్పష్టమైన మాట. స్పష్టంగా చెప్పారు గనుక వాడుకరులు స్పష్టంగా తిట్టారు. తిట్టారు గనుక కొద్ది రోజుల్లోనే ఆ గడువును ఎత్తివేశారు. అంతకుముందు, 2023 మార్చిలో, వేవ్స్ సంస్థ తన సరుకంతా ఇక అద్దెకే అని ప్రకటించి, గోల చెలరేగేసరికి వారం తిరగకముందే పాత అమ్మకాన్ని పునరుద్ధరించింది. చెడు నిర్ణయాన్ని ఎదిరించవచ్చు. అస్పష్టతను ఎదిరించడానికి మాత్రం పట్టుకునేందుకు పిలక దొరకదు.

ఇక మన వైపు.

పాటకు కాగితం ఉన్నచోట సాఫ్టువేరు పోతే నష్టం కొంత. ఫినాలేలో రాసిన స్వరలిపిని అచ్చు తీసుకుంటే అలమరలో ఉంటుంది. నల్లగొండ, మహబూబ్‌నగరు పాటకు అటువంటి కాగితం లేదు. సుద్దాల హనుమంతు పాటలు 1940లలో ఊరూరా తిరిగింది నోటి మీదుగానే. సాహిత్యాన్ని పుస్తకంలో అచ్చువేయవచ్చు గానీ, గొల్లసుద్దులవాడు మాటను ఎక్కడ సాగదీస్తాడో, ఎక్కడ ఊపిరి పీలుస్తాడో ఏ పుస్తకం చెప్పదు. కిన్నెర సంగతి ఇంకా సున్నితమైనది. వెదురు కర్రకు ఎండిన సొరబుర్రలు కట్టిన ఆ పన్నెండు మెట్ల వాద్యం మీద పండుగ సాయన్న కథ పాడిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. బుర్రవీణ వాయించే దాసరి కొండప్పకు 2024లో వచ్చింది. ఇద్దరూ పాత పాలమూరు జిల్లావారే. ఆ వాద్యాలు వాయించేవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవలసిన కాలంలో, వారి వాద్యానికి మిగిలే లిపి రికార్డింగు ఒక్కటే.

కిన్నెర నాదం సన్నన. పక్కన డప్పు మోగితే వినబడదు. అందుకే విడివిడి వరుసల్లో రికార్డు చేయవలసి వస్తుంది. ఆ పైన ఏం జరుగుతుందో ఈ కాలపు జానపద గీతాలు యూట్యూబులో విన్నవారికి నేను చెప్పనక్కరలేదు. కీబోర్డు చేరుతుంది, ప్యాడ్ల దరువు చేరుతుంది, గొంతుకు ప్రతిధ్వని పూస్తారు. (పూయడమన్న మాట తెలిసే వాడాను. కొన్ని పాటల్లో అది గోడకు సున్నం కొట్టినట్టే ఉంటుంది.) ఇవాళ పెళ్ళి బరాతులో మోగడానికి అది కావాలేమో, కాదనను. కానీ పదేళ్ళ తరువాత ఒకరు, బహుశా ఆ గాయకుడి మనుమరాలు, తాత ఒట్టి గొంతు ఒక్కసారి వినాలని అడిగితే? యూట్యూబులో ఉన్న పాటలోనుంచి ఆ గొంతును మచ్చ లేకుండా విడదీయడం నేటి యంత్రాలకు కూడా కష్టమే. ఒట్టి గొంతు ఉండేది రికార్డు చేసిన గదిలోని ఆ సాఫ్టువేరు ఫైళ్ళలో.

ఆ ఫైళ్ళ నిర్మాణం తెలిస్తే భయం కొంత తగ్గుతుంది, బాధ్యత కొంత పెరుగుతుంది. కేక్‌వాక్ ప్రాజెక్టు ఫైలులో నిజానికి శబ్దం ఉండదు. ఏ శబ్దపు ముక్క ఏ క్షణాన మొదలు కావాలి, ఎంత గట్టిగా వినబడాలి, ఎక్కడ కత్తిరించాలి అన్న పట్టిక మాత్రమే ఉంటుంది. శబ్దాలు పక్కన మరొక ఫోల్డరులో మామూలు వేవ్ ఫైళ్ళుగా ఉంటాయి. అంటే కంపెనీ పోయినా శబ్దం పోదు. కాని పట్టిక చదివేవాడు లేకపోతే వందలాది తునకలు పేర్లు తప్ప ఏ ఆనవాలూ లేకుండా మిగులుతాయి. పట్టికతో సహా అన్నీ ఒకే మూటగా కట్టే ఇంకొక పద్ధతి కూడా ఉంది. అందులో దాచినవారికి మూట విప్పేవాడు లేకపోతే తునకలు కూడా చేతికి రావు. కొత్త సోనార్ పాత ప్రాజెక్టులను తెరుస్తుంది, సంతోషం. ఆ మాటను మొదటి రోజునే, మొదటి వాక్యంలోనే, ఫలానా సంవత్సరం వరకు తెరుస్తామన్న హామీతో చెప్పి ఉంటే సగం ఆందోళన ఉండేది కాదు.

అద్దె గురించి కూడా ఒక మాట అనాలి. నెలనెలా కట్టడమన్నది నెలజీతం మనిషి ఊహించిన పద్ధతి. జిల్లా కేంద్రంలో జానపద గీతాలు రికార్డు చేసేవాడికి బోనాలు, బతుకమ్మ, వినాయక చవితి, ఎన్నికలు ఇవీ పంటకాలాలు. మిగిలిన నెలలు మెట్ట సేద్యమే. వాన లేని నెలలో కూడా శిస్తు కట్టమన్నట్టుంటుంది ఈ అద్దె. కట్టలేకపోతే తెరవలేడు. తెరవలేకపోతే తిరిగి ఆ దొంగ ప్రతుల దగ్గరికే వెళతాడు. ధర్మంగా వాడుకునే అలవాటు ఐదేళ్ళు చేసి, ఆపైన రెండేళ్ళు అయోమయంలో వదిలేస్తే ఎవరు ఎటు పోయారో ఆ కంపెనీకి ఏనాటికీ తెలియదు.

ఇప్పటికీ పాత కేక్‌వాక్ ప్రాజెక్టులు దాచుకున్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే, ఉచిత సోనార్‌లోనైనా సరే వాటిని తెరిచి, ప్రతి వరుసనూ పాట మొదటి క్షణంనుంచి చివరిదాకా ఒకే వేవ్ ఫైలుగా విడివిడిగా బయటకు తీయండి. అలా తీసినవాటిని ఏ కంపెనీ సాఫ్టువేరులోనైనా సున్నా దగ్గర పేర్చితే పాట తిరిగి నిలబడుతుంది. సెకనుకు 48,000 నమూనాలు, 24 బిట్ల లెక్కన ఒక వరుస నిమిషానికి సుమారు 8.6 మెగాబైట్లు. ఐదు నిమిషాల పాట పన్నెండు వరుసల్లో ఉంటే 520 మెగాబైట్లకు లోపే. ఈ రోజుల్లో అదొక చోటే కాదు. పక్కనే ఒక పాఠ్య ఫైలులో, యూనికోడు తెలుగులో, పాడినవారి పేరు, వాయించినవారి పేరు, తేదీ, ఊరు రాసిపెట్టండి. ఊరు రాసేటప్పుడు పాత జిల్లా, కొత్త జిల్లా రెండూ రాయండి. కొండప్పగారి దామరగిద్ద మహబూబ్‌నగర్లో ఉండేది, 2019నుంచి నారాయణపేటలో ఉంది. హనుమంతుగారి సుద్దాల నల్లగొండలో ఉండేది, ఇప్పుడు యాదాద్రి భువనగిరిలో ఉంది.